పైపుల ఫ్యాక్టరీని చూసొచ్చిన మనిషి

మా ఫోర్‌మన్ గారు పోయారన్న మాట నాకు కూరల సంతలో తెలిసింది. ఉతై నుంచి వంకాయలు తెచ్చి అమ్మే ఆవిడ తూకం వేస్తూ, "వో తెలుగు బాబూజీ నహీ రహే, భయ్యా. తీన్ దిన్ హో గయే" అంది. మూడు రోజులు! భిలాయిలో ఆయన కింద పనిచేసినవాళ్లం ఇంతమందిమి ఉండగా, ఆయన్ని, చివర్లో ఆయన ఉంటున్న ఉతై ఊరివాళ్లే మోసుకెళ్లారట. నేను కూరల సంచీ అక్కడే మరిచిపోయి ఇంటికొచ్చాను.

ఇది చదివేవాళ్లలో ఆయన్ని ఎరిగినవాళ్లు తక్కువే ఉంటారు. ఎరిగినవాళ్లలో కొందరికి ఇప్పటికీ ఆయన మీద కోపం ఉంది. కొంతకాలం ఆ కోపంలో నాకూ వాటా ఉంది. అందుకే తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాను.

విజయనగరం పక్క పల్లె నుంచి వచ్చి స్టీలు ప్లాంటు మెషిన్ షాపులో లేత్ యంత్రం ముందు నిలబడ్డ రోజు నుంచి ఆయనది ఒకటే పద్ధతి. ఇంకొకరు కొలిచిన ఇనప ముక్కను నమ్మేవారు కాదు. "నువ్వు కొలిచేవు సరే, నేను చూడలేదు కదా" అంటూ జేబులోంచి కాలిపర్స్ తీసి మళ్లీ కొలిచేవారు. మధ్యాహ్నం భోజనాల వేళ ఎవరైనా పేకముక్కలు బయటికి తీస్తే లేచి వెళ్లిపోయేవారు. లాటరీ టిక్కెట్టు కూడా ఆయన కొని ఎరగరు.

అలాంటి మనిషికి తొంభైల మొదట్లో షేర్ల మీదికి మనసు పోయింది. అప్పట్లో మా టౌన్‌షిప్ సెక్టర్‌లో పాన్ దుకాణాల్లో కూడా కొత్త కంపెనీల దరఖాస్తు ఫారాలు వేలాడేవి. సాయంత్రాలు ఆయన తన క్వార్టర్ వరండాలో కుర్చీలు వేసి, ఒకరోజు ఆలస్యంగా వచ్చే ఇంగ్లీషు పేపర్లో ధరలు చదివి మాకు తెలుగులో విడమరిచి చెప్పేవారు. ఆయన భార్యని నేను వదినగారు అనేవాణ్ణి. ఆవిడ టీ గ్లాసులు పెడుతూ ఒకసారి అడిగేశారు.

"పేకాటంటే మీకు ఒళ్లుమంట కదా. ఇదేటి మరి?"

"పేకాటలో ఒకడి జేబులోది ఇంకొకడి జేబులోకి పోతాది. అంతే. ఇక్కడ మన డబ్బుతో ఫ్యాక్టరీ కడతారే. పైపులు చేస్తారు, అమ్ముతారు, మనకి వాటా ఇస్తారు. జూదమెలాగవుతాది?"

"ఆ ఫ్యాక్టరీ మీరు చూసేరేటి?"

ఆయన నవ్వి, కంపెనీ పంపిన పుస్తకంలో పొగగొట్టం రంగుల బొమ్మ చూపించారు. అందరం నవ్వాం.

ఆ పైపుల కంపెనీ షేర్లు ఆయన మాట మీద ఐదుగురం కొన్నాం. ఐదుగురిలో ఒకడు క్యాంప్ 2 బస్తీలో ఉండే కాంట్రాక్టు వెల్డరు. ఇంటికి పైకప్పు వేయించుకుందామని దాచుకున్నదంతా తెచ్చి పెట్టాడు. మొదట ధర పెరిగింది, వరండాలో జిలేబీలు పంచుకున్నాం. అమ్మేద్దామా అని నేనంటే, "ఫ్యాక్టరీ ఇంకా మొదలెట్టనే లేదు, అప్పుడే ఏటి తొందర" అన్నారు. తర్వాత దేశమంతా షేర్ల ధరలు కూలాయి. కొన్ని కంపెనీలు పడి లేచాయి. మాది లేవలేదు. ఒకరోజు పేపర్లో దాని పేరే లేదు. ఆ వరసంతా ఆయన వేలు పెట్టి మూడుసార్లు వెతకడం చూశాను.

షిఫ్టు మారే వేళ, ప్లాంటు గేటు దగ్గర అంత జనంలో, వెల్డరు ఆయన్ని పట్టుకుని "జువారీ!" అని అరిచాడు. జూదగాడా అని. ఆయన స్కూటర్ ఆపి పూర్తిగా విన్నారు.

ఆ వారమే సెలవు పెట్టి, కంపెనీ పుస్తకంలో ఉన్న చిరునామా పట్టుకుని రైలెక్కారు. నేనూ వెంట వెళ్లాను. మర్నాడు పొద్దున దిగి, ఆటోలో ఊరి బయటికి పోతే అక్కడ ఒక గోడ కనబడింది. గోడకు గేటు, గేటు మీద కంపెనీ పేరు. లోపల తుమ్మ పొదలు, మేస్తున్న మేకలు.

"మెషిన్లు ఎప్పుడొచ్చాయి?" అని ఫోర్‌మన్ గారు అక్కడి కాపలా ముసలాయన్ని హిందీలో అడిగారు.

"ఏ మెషిన్లు బాబూ? ఎనిమిది నెలలుగా నా జీతమే రాలేదు" అన్నాడతను.

ఆయన ఆ గోడ చుట్టూ ఒక్కరే నడిచి వచ్చారు. ఎండలో చాలాసేపు పట్టింది. వచ్చి మా అన్నం డబ్బా ముసలాయన చేతిలో పెట్టారు. తిరుగు రైల్లో, మా ఊరి పక్క స్టేషను దుర్గ్ దగ్గర పడుతుండగా అన్నారు. "మీ వదిన అడిగిన రోజే రావలసింది తమ్ముడూ. రైలు చార్జీ ఏపాటి!"

మర్నాడు క్యాంటీన్‌లో, మా ఐదుగురి ముందే కాదు, మెషిన్ షాపంతా వింటుండగా లేచి నిలబడ్డారు. "అక్కడ ఫ్యాక్టరీ లేదు. చూడకుండా మీకు చెప్పీసేను. పేకాడేవాడు తన ముక్కలైనా చూసుకుంటాడు. నేనదీ చెయ్యలేదు."

అంత చెప్పి కూర్చున్నారు. తర్వాత స్కూటర్ అమ్మి రేకులు కొన్నారు. ఆదివారాలు సైకిల్ మీద క్యాంప్ 2కి వెళ్లి వెల్డరు ఇంటికి తన చేతులతో కప్పు వేశారు. వెల్డరు కిందనుంచి రేకులు అందించేవాడు గానీ ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. పని పూర్తయిన రోజున కూడా మాట్లాడలేదట.

ఆ వరండాకి వెళ్లడం అందరం మానేశాం. నేనూ మానేశాను. పోయిన డబ్బు కోసం కాదని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. డ్యూటీ నుంచి వస్తూ చూస్తే కుర్చీలన్నీ వేసే ఉండేవి, ఆయనొక్కరే కూర్చుని ఉండేవారు. అది చూడలేక అవతలి వీధిలోంచి పోవడం మొదలుపెట్టాను. వదినగారు పోయినప్పుడు మాత్రం అందరం వెళ్లాం. పన్నెండో రోజు దాటాక మళ్లీ ఎవరి దారి వాళ్లదే. వాళ్లకు పిల్లలు లేరు. రిటైరయ్యాక ఆయన క్వార్టర్ ఖాళీ చేసి ఉతైలో చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నారు.

అక్కడికి ఒక్కసారే వెళ్లాను, పోయిన చలికాలంలో. బల్ల మీద అదే ఇంగ్లీషు పేపర్.

"ఇంకా చూస్తున్నారా?"

"ఒక సిమెంటు కంపెనీవి కొన్ని ఉన్నాయి. ముందెళ్లి చూసొచ్చేను. చొక్కా అంతా సిమెంటు దుమ్మే!" అని నవ్వారు.

"ఇంతకీ ఇది జూదమేనంటారా, అన్నయ్యగారూ?"

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. "పొద్దున్న కొని సాయంత్రం అమ్మీసేవాడు కంపెనీ చూడడు, అంకె చూస్తాడు. వాడిది జూదమే. నేను కంపెనీ చూసేననుకుని బొమ్మ చూసేను. నాదీ జూదమే. ఈ సిమెంటు కూడా పడిపోవచ్చు. కానీ ఈసారి పడితే నేనొక్కణ్ణే పడతాను. ఇంకెవరికీ చెప్పలేదు." మళ్లీ తనే, "చెప్పడానికి ఎవరున్నార్లే" అన్నారు.

ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా, నేను చూశానా లేదా అని ఈ రోజుకీ ఒక్క క్షణం ఆగుతాను. అది ఆయన నేర్పిందే. ఆ మాట ఆయనతో చెప్పాలనే వెళ్లాను. చెప్పలేదు.

సాయంత్రం బస్సు దాకా వచ్చారు. దారిలో వేపిన వేరుశనక్కాయలు కొని, సగం నాకు పొట్లం కట్టించి కిటికీలోంచి అందించారు. బస్సు కదిలింది. వెనక్కి తిరిగి చూస్తే ఆయన రోడ్డు వారగా అక్కడే నిలబడి, ఒక్కొక్క కాయా ఒలుచుకు తింటూ, తొక్కలు కింద పడెయ్యకుండా ఎడమ గుప్పిట్లో పోగేసుకుంటున్నారు.