మావ కడియం, నా ఫోను

ఆ రోజుల్లో జరిగింది చెప్పేముందు, నాకు రూఢిగా తెలిసినదాన్నీ విన్నదాన్నీ వేరుచేయడం మంచిది. రెండువేల పదుల నడుమ నేను శ్రీకాకుళం దగ్గర ఒక ఇంజనీరింగు కళాశాలలో ప్రాజెక్టు సహాయకుడిగా ఉన్నమాట నిజం. గడ్డకట్టించేంత చల్లని ద్రవ నైట్రోజన్‌లో ముంచితే నిరోధం లేకుండా విద్యుత్తు ప్రవహించే సూపర్‌కండక్టర్ చిప్పు ఒకటి బెంగళూరు నుంచి పరీక్షకు వచ్చినమాటా నిజమే. దానికి తెలిసిన విద్య ఒక్కటే: ఒకటో సున్నానో, ఏది చెబితే అది గుర్తుంచుకుని తిరిగి చెప్పడం. దానితో మేము ఉపగ్రహం నడుపుతున్నామన్నది మాత్రం అరసవల్లి ఆటోల్లో పుట్టిన మాట. ఆధారం నాకు దొరకలేదు.

ఇది జరిగిన రోజుకు మర్నాడు ఉదయమే చిప్పు కొరియర్‌లో వెనక్కి వెళ్లాలి. అది ఒక్కసారైనా సరిగా పనిచేసినట్టు నివేదిక పంపితేనే నా ఉద్యోగానికి పొడిగింపు. మాకు నైట్రోజన్ దొరికేది పశువుల ఆసుపత్రిలో. ఎద్దుల వీర్యాన్ని గడ్డకట్టించి దాచే క్యాను నుంచి రెండు లీటర్లు, అక్కడే కాంపౌండరుగా ఉన్న మా మావ స్వయంగా తెచ్చాడు. నేను ఒలకబోస్తానన్న అనుమానంతో (నిరాధారమని అనలేను) చిప్పు కట్టిన కడ్డీని కూడా తనే పట్టుకుని ముంచాడు. ఒకటి రాశాను, సున్నా వచ్చింది. సున్నా రాశాను, సున్నాయే వచ్చింది. బయటికి తీసి, వేడెక్కనిచ్చి, మళ్లీ ముంచితే ఈసారి ఏది రాసినా ఒకటి అనే చెప్పింది. తీగలు చూశాను, టంకాలు చూశాను, వోల్టేజీ మూడుసార్లు కొలిచాను. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"ఏటిరా అల్లుడూ, ఏటడిగినా ఒకే మాట సెప్తన్నాది. అచ్చం మీ అత్తలాగే ఉన్నాది," అన్నాడు మావ.

"కాసేపు మాట్లాడకు మావా."

"మాటాడకపోతే పనిసేస్తాదా? ఇంకొక్కపాలికే వస్తాది నైట్రోజన్. క్యానులోది ఆవులకి. అవి నీలాగ రేపటిదాకా ఆగవు."

అప్పుడు కనిపించింది, మావ మణికట్టుకు బీపీ తగ్గిస్తుందని కొన్న అయస్కాంతపు కడియం. చిప్పు చల్లబడే క్షణంలో దగ్గర అయస్కాంతం ఉంటే, ఆ క్షేత్రం లోపలే చిక్కుకుపోయి జవాబులను చెడగొట్టవచ్చు. అందుకే చుట్టూ కవచపు డబ్బా పెడతారు. (మాకు డబ్బా వచ్చింది, మూత రాలేదు.)

"కడియం తియ్యి మావా."

"దీంట్లో ఏటీ నేదని నిన్ననే గదరా సెప్పినావు."

"బీపీకి ఏమీ లేదన్నాను."

"ఒరే, నా వొంటికి పనిసెయ్యనిది నీ గాజుముక్కకి పనిసేస్తాదా?"

జవాబు ఉంది, చెప్పే ఓపిక లేదు. కడియం లాగి చేతిలోకి తీసుకున్నాను. అదే ఊపులో, ఇంతసేపూ డబ్బా మీదికి వంగి చూసిన నా జేబులో ఫోను ఉందని గుర్తొచ్చి (దాని స్పీకరులోనూ అయస్కాంతమే), దాన్ని రెండో చేత పట్టుకుని, పరుగున వెళ్లి రెండింటినీ వరండాలో పడేసి వచ్చాను. మూడోసారి ముంచాం. ఒకటి రాస్తే ఒకటి. సున్నా రాస్తే సున్నా. ఇరవైసార్లు అడిగాను, ఇరవైసార్లూ నిజమే చెప్పింది. స్టూలు లాక్కుని నివేదిక రాయడం మొదలుపెట్టాను.

"అయితే కడియానికి శక్తి ఉన్నాదని రాసియ్యి," అన్నాడు మావ.

ఉద్యోగం నిలిచింది. తప్పు కడియానిదా, ఫోనుదా అన్నది మాత్రం ఈనాటికీ తేలలేదు. రెండింటినీ ఒకేసారి తీసేశాను. వేరువేరుగా చూడడానికి నైట్రోజన్ మిగల్లేదు, అటువంటి చిప్పు మళ్లీ నా చేతికి రాలేదు. ఇతరుల నివేదికల్లో సరిగ్గా ఇదే పొరపాటును ఎర్రసిరాతో గుర్తించడం ఇప్పుడు నా వృత్తి. ఒక్కొక్కటే మార్చి చూడమని నిస్సంకోచంగా రాస్తాను. ఒక చేత కడియం, ఒక చేత ఫోను పట్టుకుని వరండాలోకి పరుగెత్తుతున్న ఆ కుర్రవాణ్ణి ఆపి ఆ మాట చెప్పే ధైర్యం మాత్రం నాకిప్పటికీ లేదు.