ఎడమ తలుపుకి పెట్టిన బొట్టు

మా కారుకి ఎడమ తలుపు నాది. ఆయన కుడివైపు కూర్చుని నడిపేవారు, నేను పక్కన కూర్చునేదాన్ని. కారు కొన్నరోజు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, స్టీరింగుకీ నా తలుపు హ్యాండిల్‌కీ పసుపు రాసి కుంకుమ పెట్టాను. ఆ తర్వాత ప్రతి శుక్రవారం హ్యాండిల్‌కి బొట్టు తప్పలేదు. పొడి కుంకుమ గాలికి రాలిపోతోందని, దీపపు కుందిలోంచి ఒక చుక్క నువ్వులనూనె వేలికి తీసుకుని, దాంతో అద్దేదాన్ని.

“శుక్రవారం పేరంటానికి తలుపుని కూడా పిలిచావా?” అనేవారు ఆయన.

ఆయన పోయి మూడేళ్ళు. పోయేలోపు నాకు డ్రైవింగు నేర్పించారు, ఆ ఒక్కదానికే రోజూ దణ్ణం పెట్టుకోవచ్చు. నేను కుడివైపు సీట్లోకి మారాను. ఎడమవైపు ఎక్కేవాళ్ళు లేరు. మా అమ్మాయి ఏడు గంటల ప్రయాణం దూరంలో, గంగాలిన్‌లో ఉంటుంది. వస్తే తన కారులోనే వస్తుంది, అందులోనే నన్ను తిప్పుతుంది. ఈ పరాయి దేశంలో, క్రాన్‌బర్న్‌లో మా వీధి పొద్దున ఎనిమిదికల్లా ఖాళీ అయిపోతుంది. దేవుడి దగ్గర తప్ప ఇంకెక్కడా నోరు విప్పకుండానే సాయంత్రమైపోయిన రోజులు చాలా ఉన్నాయి. నా నుదుటికి కుంకుమ మానేశాను గాని, శుక్రవారం ఆ తలుపుకి మానలేదు. దాన్ని తెరవలేదు, అంతే.

మొన్నొక మంగళవారం చెత్తడబ్బా లోపలికి లాక్కుంటుంటే, వీధి చివరింటి ఆంటీ చేతికర్ర పట్టుకుని వచ్చారు. కరీంనగర్ వైపు మనిషి. కొడుకు దగ్గర ఉంటారు.

“బిడ్డా, శుక్రారం గుడికి పోతవ్ గద. నన్ను గూడ తీస్కపోతవా? కొడుకు, కోడలు డ్యూటీలకు పోతరు. పొద్దుందాక గోడలు సూస్కుంట కూసుంటున్న.”

“తప్పకుండా ఆంటీ.”

“ముంగట సీటే ఇయ్యాలె మల్ల. ఎన్క కూసుంటే నా మోకాళ్ళు మడ్తవడయి.”

మూడేళ్ళలో నా కారెక్కుతానని అడిగిన మొదటి మనిషి. లోపలికి వెళ్ళి దీపం ముందు కాసేపు నిలబడ్డాను. తర్వాత సీటు మీద దుమ్ము దులుపుదామని వెళ్ళి హ్యాండిల్ లాగితే, అది కదల్లేదు.

కుడివైపు నుంచి ఎక్కి, అటు వంగి, లోపలి నుంచి తెరిచాను. తలుపు మూలిగి తెరుచుకుంది. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. బయటి హ్యాండిల్ కూడా వదులవుతుందని రెండు చేతులా పట్టి గుంజాను. లోపల ఏదో టక్కుమంది. పైకి లేచిన హ్యాండిల్ మళ్ళీ లోపలికి వెళ్ళలేదు. తలుపు వేస్తే గడియ పడక వెనక్కి వచ్చేస్తోంది. అంతదాకా తెరుచుకోని తలుపు, ఇప్పుడు మూసుకోదు. ఆంటీని ఎక్కించుకోవడం అటుంచి, కారే బయటికి తీయలేను.

మెకానిక్‌కి ఫోన్ చేస్తే సోమవారం దాకా కుదరదన్నాడు. అమ్మాయికి చేశాను.

“సో టెల్ ఆంటీ నెక్స్ట్ వీక్, అమ్మా. వాట్స్ ద బిగ్ డీల్?”

“మళ్ళీ అడుగుతారో లేదో,” అన్నాను.

ఫోన్ పెట్టేశాక, కారు తలుపు హ్యాండిల్ ఎలా మార్చాలో చూపించే వీడియో ఒకటి పంపింది.

నేను బడికి వెళ్ళినదాన్ని కాను. చిన్నప్పుడు ఉబ్బసం ఉంటే మా నాన్నే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పారు. అర్థంకాని వాక్యాన్ని విసుక్కోకు, మళ్ళీ చదువు, అదే దారికొస్తుంది అనేవారు. వీడియోలో గడ్డపాయన ఇంగ్లీషు నాకు ఒక పట్టాన అందలేదు. మాటిమాటికీ “షీ” అంటున్నాడు. ఎవరో ఆవిడకి ఒంట్లో బాగాలేదేమో, మధ్యలో ఆ కబురు చెబుతున్నాడేమో అనుకున్నాను. నాలుగోసారి చూసినప్పుడు తెలిసింది, ఆవిడంటే తలుపు. ఆ తర్వాత నాకు సులువైంది. ఇన్నేళ్ళు బొట్టు పెట్టినదాన్ని, ఆవిడ అనడానికి నాకేం అభ్యంతరం?

తలుపు అంచున చిన్న రబ్బరు బిళ్ళ ఉంది. అది తీస్తే లోపల స్క్రూ. దాన్ని పూర్తిగా తీయకూడదు, వదులు చెయ్యాలంతే. వెనకవైపు మూత ఊడింది, హ్యాండిల్ జారి చేతిలోకి వచ్చింది. ఊడదీసినవి ఊడదీసిన వరసలోనే తువ్వాలు మీద పేర్చాను. హ్యాండిల్ వెనక చూస్తే కొక్కెం విరిగి ఉంది. దాని చుట్టూ ఎర్రగా, పసుపుగా, ఇటుకలా బిగిసిన ముద్ద. అన్ని శుక్రవారాల పసుపూ, కుంకుమా, నూనే, వాన తెచ్చిన దుమ్మూ. తలుపుని బిగించింది నేనే.

ఏడుపు రాలేదు. పాత టూత్‌బ్రష్షూ వేడినీళ్ళూ తెచ్చి కూర్చున్నాను. గీకిన కొద్దీ కుంకుమ వాసన వచ్చింది. నీళ్ళని కాలువలో పొయ్యబుద్ధి కాక గులాబీ మొదట్లో పోశాను.

గురువారం తలుపుని తాడుతో లోపలికి కట్టి నడపడానికి ధైర్యం చాలక, బస్సులోనే పాత కార్ల సామాన్లు అమ్మే యార్డుకి వెళ్ళాను. కౌంటర్ దగ్గరాయన విరిగిన హ్యాండిల్ తిప్పి చూసి, పసుపు మరక మీద గోరు పెట్టి, “కర్రీనా?” అన్నాడు.

“కాదు, ప్రేయర్.”

“అయితే బాగా గట్టి ప్రేయరే,” అని లోపలికి వెళ్ళి, అదే రకం కారుది నీలంరంగు హ్యాండిల్ తెచ్చాడు. మాది తెల్ల కారు. తెల్లది లేదన్నాడు. నూనె సంగతి చెబితే, వంటనూనె మాత్రం వేయొద్దని, తెల్ల గ్రీజు ఒక చిన్న డబ్బాలో కొంచెం ఊరికే పెట్టిచ్చాడు. ఆయన చల్లగా ఉండాలి.

తువ్వాలు మీద ఉన్నవాటిని చివరి నుంచి మొదటికి బిగించాను. తలుపు వేశాను. గడియ పడింది. తెరిచాను, వేశాను. ఎన్నిసార్లు చేశానో తెలియదు.

శుక్రవారం పొద్దున కుంకుమ వేలికి అద్దుకుని తలుపు దాకా వెళ్ళి ఆగాను. హ్యాండిల్‌కి కాదు, కిటికీ అద్దం మూలన పెట్టాను.

ఆంటీ వచ్చి, నేను సాయం పట్టేలోపే హ్యాండిల్ లాగారు. తలుపు తెరుచుకుంది.

“ఇదేంది బిడ్డా, తెల్ల బండికి నీలం పిడి? ఎవలదన్న గుంజుకొచ్చినవా?”

“అవునాంటీ, ఎవరిదో. మనకి కుదిరింది.”

ఆవిడ కూర్చుని, కాళ్ళు చాపడానికి కింద మీట ఎత్తి సీటు బాగా వెనక్కి జరుపుకున్నారు. నేను అటు కూర్చున్న రోజుల నుంచీ అది ముందుకే ఉంది. గుడికి వెళ్ళేదాకా కోడలి వంట గురించి చెబుతూనే ఉన్నారు. నేను ఊ కొడుతూ నడిపాను.

తిరిగి దింపినప్పుడు తలుపు ధడాలున వేశారు.

“గట్టిగ ఏసిన్నా?”

“పర్లేదాంటీ, అది తట్టుకుంటుంది.”

“గట్లైతే మల్లొచ్చే శుక్రారం గూడ ఒస్త.”

ఇంటికొచ్చి కారు ఆపాను. పక్క సీటు వెనక్కే ఉంది. ముందుకి జరపకుండా అలాగే వదిలేసి, దీపం పెట్టడానికి లోపలికి వెళ్ళాను.