మా బావ తాగుబోతయిన వారం

పాత సోఫా లోపల ఏముంటుందో మా బావని అడగండి. అడగకపోయినా చెబుతాడు, అదీ మనం అన్నం తింటున్నప్పుడు. చెమటకి పచ్చబడిన స్పాంజి, ఉండలు కట్టిన వెంట్రుకలు, బొద్దింక రెక్కలు, ఎప్పుడో ఎవరో సగం కొరికిన బిస్కెట్టు. సోఫాలు బాగుచేయడమే ఆయన పని. "పైన గుడ్డ ఒక్కటీ మార్చెయ్, చాలు" అనే గిరాకీలంటే ఆయనకి చీదర. లోపలి కుళ్ళంతా లాగి పారేసి, చెక్క కనబడ్డాకే కొత్త పని మొదలుపెడతాడు. అందుకే ఏ సోఫా చెప్పిన రోజుకి ఇవ్వడు. మా అక్క పెళ్ళయినప్పటినుంచీ ఆ ముక్క వాసన చొక్కాలే ఉతుకుతోంది.

మనిషి మాత్రం నోట్లో నాలుక లేనివాడు. దగ్గుమందు తాగినా తల తిరుగుతోందని పడుకుంటాడు. ఆ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

ఆయనకి ఒక్కతే కూతురు. చిన్నప్పుడు దుకాణంలో స్పాంజి ముక్కల మీద గెంతుతూ ఉండేది కాబట్టి పిచ్చుక అంటాం. లెక్కలంటే దానికి ప్రాణం. ఈ మధ్య ఒక పెద్ద విశ్వవిద్యాలయం మీద మనసు పడింది. వేలమంది రాస్తే పిడికెడు మందిని తీసుకునే చోటు అది. తీసుకున్నారంటే ఖర్చంతా వాళ్ళదే. ఒక పూట అప్లై చేస్తానంటుంది, ఇంకో పూట ఎందుకులే అంటుంది.

"రాకపోతే నవ్వుతారు పిన్నీ."

"ఎవరే నవ్వేది? వాళ్ళ పళ్ళు రాలగొడతాను."

"నేనే నవ్వుకుంటాను."

ఇలా ఊగిసలాడుతుంటే మా అన్నయ్య దిగాడు. వాళ్ళబ్బాయికి అక్కడే సీటొచ్చింది, అప్పటినుంచీ ఈయన కాళ్ళు నేల మీద ఆనడం లేదు. ఎవరికో ఇవ్వాల్సిన కొత్త సోఫా ఒకటి ముందు గదిలో ఉంటే, దాని మీద కాళ్ళు పెట్టుకుని మరీ కూర్చున్నాడు.

"మార్కులు ఎవడికైనా వస్తాయమ్మా. వాళ్ళకి కావాల్సింది కథ. నువ్వు పడ్డ కష్టం రాయాలి. చదివేవాడి కళ్ళు చెమర్చాలి. తర్వాత వీడియోలో అమ్మానాన్నలతో కూడా మాట్లాడతారు, అదీ జాగ్రత్తగా చూసుకోవాలి." ఇంటి చుట్టూ ఒకసారి చూసి నిట్టూర్చాడు. "మీ ఇంట్లో చెప్పుకోదగ్గ కష్టమే లేదు. అదే వచ్చిన చిక్కు. ఒక పని చెయ్. మీ నాన్న తాగుతాడని రాయి."

బావ సూదిలో దారం ఎక్కిస్తున్నవాడల్లా ఆగిపోయాడు.

"మరి మీ అబ్బాయి ఏం రాశాడు మామయ్యా?" అంది పిచ్చుక.

"వాళ్ళ నాయనమ్మ చావు గురించి. ఆఖరి ఘడియలో ఆవిడ వాడి చెయ్యి పట్టుకుని, బాగా చదువుకోరా అని... అబ్బ, నేనే ఏడ్చాననుకో."

ఆ నాయనమ్మ, అంటే మా అమ్మ, పక్క గదిలో టీవీ చూస్తూ రస్కు నములుతోంది. చెవులు మహా చురుకు ఆవిడకి. అక్కడినుంచే అరిచింది.

"నేనెప్పుడు పోయానురా? నాతో ఒక్క మాటైనా అనలేదే!"

అందరూ పడీ పడీ నవ్వారు. అన్నయ్య కూడా నవ్వాడు. నేను మాత్రం నవ్వలేదు. కన్నతల్లిని చంపి కొడుక్కి సీటు కొన్నాడు, పైగా ఆ ముచ్చట చెబుతూ కాలు ఊపుతున్నాడు. "ముందు ఆ సోఫా మీంచి లే" అన్నాను. "నీ ఇష్టమే, నాకేం? ఇలా అయితే అప్లై చెయ్యడం కూడా దండగ" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళాడు కానీ ఆ మాట ఇంట్లోనే ఉండిపోయింది. అబద్ధం రాయడమా, అసలు రాయకపోవడమా అని పిచ్చుక ముఖం వేలాడేసుకుంది. బావ దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, "రాసెయ్యమ్మా. ఒక మాట అంటే నేనేం అరిగిపోతానా?" అన్నాడట.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం నేను బావకి క్యారేజీ పట్టుకెళ్ళాను. పిచ్చుక కూడా నా వెంట వచ్చింది. దుకాణం షట్టరు సగం దించి ఉంది. వంగి చూశాం.

గోడకి ఆనించిన అద్దం ముందు బావ నిలబడి ఉన్నాడు. జుట్టు చెదిరిపోయింది, చొక్కా బొత్తాలు ఒకదాని కాజాలో ఇంకోటి పెట్టుకున్నాడు. ఒక పక్కకి తూలి, సోఫా పట్టుకుని, "నా కూతురూ... నా బంగారం..." అని నాలుక మడతేసి అంటున్నాడు. నచ్చనట్టుంది, మళ్ళీ మొదటినుంచీ అన్నాడు. వీధి చివర సారా కొట్టు దగ్గర నిలబడి, తాగినవాళ్ళు ఎలా తూలుతారో చూసొచ్చాడని తర్వాత తెలిసింది. దుకాణమంతా పాలిష్‌లో కలిపే స్పిరిట్ వాసన. చొక్కా మీద చల్లుకున్నాడు.

"వీడియోలో వాసన రాదు బావా!" అన్నాను, ఒళ్ళు మండిపోయి.

"నాకు రావాలి కదా మరదలా. వస్తేనే కాస్త కుదురుతోంది" అన్నాడు సిగ్గుపడుతూ.

పిచ్చుక వెనక్కి తిరిగి, కాలవ పక్కన కూర్చుని, తిన్నదంతా కక్కేసింది. మూతి తుడుచుకుని లోపలికొచ్చి, నాన్న చొక్కా బొత్తాలు విప్పి వరసగా పెట్టింది. ఆయన పిల్ల ముఖంలోకి చూస్తూ, "బాగా రాలేదా అమ్మా?" అని అడిగాడు. నాకు ఆ అన్నయ్య మీద, ఆ విశ్వవిద్యాలయం మీద, ఏడిస్తే గానీ తలుపు తియ్యని ఆ పెద్దమనుషుల మీద పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు.

పిచ్చుక అప్లై చేసింది. మా నాన్న సోఫాలు బాగుచేస్తాడు, ఇంట్లో అందరం బాగానే ఉన్నాం, నాకు లెక్కలంటే ఇష్టం అని రాసింది. సీటు రాలేదు. వీడియోలో మాట్లాడేదాకా కూడా పోలేదు. దగ్గర్లో ఉన్న కాలేజీలోనే లెక్కలు చదువుతోంది. నవ్వుకోలేదు, ఏడవలేదు. అన్నయ్య ఫోన్ చేసి "నేను ముందే చెప్పానా?" అన్నాడు. నేను పెట్టేశాను.

మొన్న క్యారేజీ ఇవ్వడానికి వెళ్తే బావ ఒక సోఫా ఊడదీస్తున్నాడు. ముక్కుకి గుడ్డ కట్టుకుని ఉన్నాడు. ఎప్పటిలా బొద్దింకల కబుర్లు చెబుతాడనుకున్నాను. గుడ్డ కిందికి లాగి, ఎవరైనా వింటున్నారేమోనని బయటికి ఒకసారి చూసి, నెమ్మదిగా అన్నాడు.

"ఆ రోజు నాకు సరిగ్గా కుదరలేదు మరదలా. నేను ఇంకాస్త బాగా తూలి ఉంటే పిల్ల అలా రాయడానికి ఒప్పుకునేది."