పైలట్ గారి పీచు ఫ్యాక్టరీ

రాజమండ్రి నుంచి సముద్రంలోని రిగ్గులకు వెళ్ళే హెలికాప్టర్లు మా ఊరి మీదుగానే పోతుంటాయి. మామిడికుదురు చుట్టుపక్కల పిల్లలు కూడా ఇప్పుడు వాటికోసం తలెత్తి చూడరు. మా పెదనాన్న ఆనందరావు గారూ తలెత్తరు. కానీ ఆ చప్పుడు వినబడగానే మాట ఆపేస్తారు. అది కొబ్బరితోటల అవతలికి వెళ్ళిపోయేదాకా అలాగే ఉండి, ఎక్కడ ఆపారో అక్కడినుంచి మళ్ళీ అందుకుంటారు. ఎడమచెవి సరిగ్గా పనిచేయని మనిషికి ఆ చప్పుడు మాత్రం మా అందరికంటే ముందే ఎలా వినబడుతుందో నాకు తెలియదు.

ఊళ్ళో ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. అందరికీ పైలట్ గారే. విమానదళంలో ఆయన ఉన్నది పట్టుమని పదేళ్ళు లేదు. కొబ్బరి పీచుతో తాళ్ళూ చాపలూ చేసే ఫ్యాక్టరీని మాత్రం నలభై ఏళ్ళు నడిపారు. అయినా ఆ పేరే నిలిచిపోయింది.

నేను ఆయన తమ్ముడి కూతుర్ని. మా తాతగారు సాలమోను మాస్టారు. ఆయన తండ్రి పరాయి పొలాల్లో పాలేరు. తాతగారు మిషను బడిలో చదువుకుని, ఆ బడిలోనే మాస్టారయ్యారు. పెద్దకొడుకు కూడా మాస్టారే కావాలని ఆయన కోరిక. పెదనాన్న కాకినాడలో డిగ్రీ చదువుతూ, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా వైమానిక దళం పరీక్షకు వెళ్ళి వచ్చారు. సెలక్షన్ వచ్చిందని తెలిసిన రోజున మా నాయనమ్మ అన్నం ముట్టలేదట. తాతగారు ప్రార్థన చేసి, లేచి, "రైలు ఎప్పుడు?" అని మాత్రం అడిగారట. రాజమండ్రి స్టేషను దాకా తోడు వెళ్ళి, రైలు కదిలాక కూడా చాలాసేపు ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయారని మా నాన్న చెప్పేవారు.

డెబ్భై ఒకటి డిసెంబరులో యుద్ధం వచ్చేనాటికి పెదనాన్నకు పాతికేళ్ళు. తూర్పు బెంగాల్లో పెద్ద నది మీద వంతెన కూల్చేశారు. సైనికుల్ని అవతలి ఒడ్డుకు హెలికాప్టర్లలో దాటించాలి. అదీ ఆయన పని. పొద్దుట్నుంచి చీకటిపడేదాకా ఎక్కించుకోవడం, దాటించడం, దింపడం, తిరుగుప్రయాణంలో గాయపడ్డవాళ్ళను తేవడం.

నేను చిన్నప్పుడు, భయం వేయలేదా పెదనాన్నా అని అడిగాను. తుపాకీ గుళ్ళ సంగతి చెబుతారనుకున్నాను. ఆయన ఆ దేశం సంగతి చెప్పారు. పైనుంచి చూస్తే అచ్చం మనదేనట. పాయలు పాయలుగా చీలిన నది, మధ్యలో లంకలు, కొబ్బరిచెట్లు, పోకచెట్లు, కాలవల్లో పడవలు. మొదటిసారి కిందికి దిగుతుంటే రాజోలు మీదికి వచ్చేశానా అనిపించిందట.

"దిగడానికి ఎక్కడా ఖాళీ లేదమ్మా. అన్నీ వరిచేలే. కోతకొచ్చిన చేలు. దిగమని చెప్పేరు, దిగేను. రెక్కల గాలికి చేను చేనంతా పడుకుండిపోయింది. గట్టుమీద ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. పంచె, పైన ఏమీ లేదు. నన్ను తిట్టలేదు. ఒంగి, పడిపోయిన కంకుల్ని చేత్తో లేపి నిలబెడుతున్నాడు. అవి నిలబడతాయా? మా తాత కోతలకెళ్ళిన మనిషి కదా. ఆయన చెయ్యి కూడా అలాగే ఉండేది."

ఆ చేలో ఆయన ఇంకా చాలాసార్లు దిగవలసి వచ్చింది. ముసలాయన మళ్ళీ కనబడలేదు. తెచ్చిన క్షతగాత్రుల్లో దారిలోనే పోయినవాళ్ళున్నారు. వాళ్ళ సంగతి మాత్రం ఆయన ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఇక్కడ ఊళ్ళో ఆ రోజుల్లో రేడియో ఉన్నది బుల్లబ్బాయి గారింట్లో. ఆయన కొబ్బరితోటల ఆసామి, పెదనాన్నకు హైస్కూల్లో తోటివాడు. మా ముత్తాత పాలేరుగా చేసింది ఆ ఇంట్లోనే. సాయంత్రం వార్తల వేళకు తాతగారు వెళ్ళి వాళ్ళ వాకిట్లో నిలబడేవారు. బుల్లబ్బాయి గారు రేడియోను అరుగు మీదికి తెచ్చి, మాస్టారికి వినబడేలా పెట్టేవారట.

యుద్ధం అయిపోయింది. పెదనాన్న క్షేమంగానే ఉన్నారు. కానీ నాలుగేళ్ళ తరవాత కొండల్లో ఒకచోట హెలికాప్టరు గట్టిగా నేలను తాకి, ఆయన వెన్నుపూస దెబ్బతింది. నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నారు. ఇక ఎగరడానికి పనికిరావన్నారు. ఆఫీసులో కూర్చునే ఉద్యోగం ఇస్తామన్నారు. పైన ఎగిరేవాళ్ళను కిటికీలోంచి చూస్తూ ఫైళ్ళు రాయడం తనవల్ల కాదనుకుని రాజీనామా చేసి వచ్చేశారు.

వచ్చిన ఏడాదే పెళ్ళిచూపులకు వెళ్ళారు. కొత్తపేట దగ్గర పల్లె. పిల్ల పేరు కృపావతి, టీచరు ట్రైనింగు పూర్తిచేసింది. పెద్దవాళ్ళంతా యుద్ధం గురించి అడుగుతుంటే, పెద్దమ్మ మాత్రం ఒక్కటే అడిగిందట. ఇప్పుడు ఏం చేద్దామనుకుంటున్నారండీ అని. ఆయన, తెలియదండీ అన్నారు. అబద్ధం చెప్పలేదు కాబట్టి ఒప్పుకున్నానని పెద్దమ్మ ఇప్పటికీ అంటుంది.

పీచు ఆలోచన బుల్లబ్బాయి గారి తోటలో పుట్టింది. కాయ ఒలిచాక డొక్కలు గుట్టలుగా పడేసేవారు. సగం పొయ్యిలోకి, సగం మట్టిలోకి. పెదనాన్న కేరళలో ఉద్యోగం చేసినప్పుడు ఆ డొక్కల్ని నానబెట్టి, దంచి, పీచు తీసి తాళ్ళు పేనడం చూశారు. మనమూ చేద్దామా అన్నారు. బుల్లబ్బాయి గారు కాసేపు ఆలోచించి, షెడ్డు నాది, పని మీది, మిగిలింది చెరిసగం అన్నారు. ఇద్దరూ ఒకే క్లాసులో చదువుకున్నవాళ్ళయినా చివరిదాకా ఒకరినొకరు అండీ అనే పిలుచుకున్నారు.

విమానాలు నడిపినవాడు తాళ్ళు పేనడానికి వచ్చాడని ఊళ్ళో నవ్వుకున్నారు. షెడ్డు మొదలుపెట్టిన రోజున బుల్లబ్బాయి గారింట్లో భోజనం. ఆయన తల్లి సత్యనారాయణమ్మ గారు చెడ్డమనిషి కాదు, కానీ పాతకాలం మనిషి. లోపల కొడుక్కి వడ్డించి, పెదనాన్నకు బయట అరుగు మీద ఆకు వేయించారు. పెదనాన్న ఆకు ముందు కూర్చున్నారు. వడ్డన సగంలో ఉండగా బుల్లబ్బాయి గారు తన ఆకును రెండు చేతులతో ఎత్తి పట్టుకుని బయటికి వచ్చి పక్కన కూర్చున్నారు. పప్పు ఒలికి చొక్కా మీద పడింది.

"ఇక్కడ గాలి బావుందమ్మా. నాకూ ఇక్కడే వడ్డించు" అన్నారు తల్లితో.

ఆవిడ అక్కడే వడ్డించారు. కొన్నేళ్ళకు ఆవిడే మా రేచల్‌ని, అంటే పెదనాన్న ఒక్కగానొక్క కూతుర్ని, వంటింట్లో ఒళ్ళో కూర్చోబెట్టుకుని అన్నం తినిపించడం నేను చూశాను.

ఫ్యాక్టరీ మెల్లగా నిలబడింది. మా ఊరి ఆడవాళ్ళు చాలామంది అక్కడే పనిచేశారు. నా చిన్నతనమంతా ఆ నానిన డొక్కల వాసనే. బడి వదిలాక రేచల్, నేనూ పీచు గుట్టల మీద దూకేవాళ్ళం. ఒళ్ళంతా దురదలు పెట్టేవి. పెద్దమ్మ బడినుంచి వచ్చి, మమ్మల్ని కాలవగట్టు దగ్గర నిలబెట్టి నీళ్ళు కుమ్మరించేది. పెదనాన్న నడుముకు బెల్టు కట్టుకుని మిషన్ల మధ్య తిరుగుతూ, శబ్దం తేడాగా వస్తే దూరంనుంచే చెయ్యెత్తి ఆపించేవారు. మంచి రోజులవి. అలాగే ఉండిపోతాయనుకున్నాం.

తొంభై ఆరు నవంబరులో తుపాను వచ్చింది. ఆ గాలి సంగతి కోనసీమలో ఎవర్నడిగినా చెబుతారు. తెల్లారేసరికి ఫ్యాక్టరీ పైకప్పు లేదు. మిషన్ల మీద చెట్లు పడి ఉన్నాయి. ఇంటినుంచి రోడ్డుకు వెళ్ళడానికి కూడా దారి లేదు. మిగిలిన ఊరంతా హైస్కూల్లో తలదాచుకుంది. పెద్దమ్మ దొరికిన నూకలతో గంజి కాయించి పిల్లలకు ముందు పోయించేది.

మూడో రోజున హెలికాప్టరు వచ్చింది. ఊరి మీద రెండు చుట్లు తిరిగి వెళ్ళిపోయింది. జనం కేకలు వేస్తూ చేతులూపారు. పెదనాన్న మాత్రం, అది దిగలేదు, దిగడానికి చోటు లేదు, మనమే చెయ్యాలి అన్నారు. అంతదాకా తుపానుతో మాట పడిపోయినట్టున్న మనిషి, ఒక్కసారిగా పాతికేళ్ళ వెనకటి మనిషైపోయారు. హైస్కూలు గ్రౌండులో పడ్డ చెట్లను నరికించి, మా ఫ్యాక్టరీ తాళ్ళతోనే కట్టి లాగించారు. ఎగిరొచ్చి పడిన రేకుముక్కల్ని ఏరించి గదిలో పెట్టించారు. రెక్కల గాలికి అవి లేచాయంటే మనుషులు తెగిపోతారన్నారు. నేలమీద సున్నంతో పెద్ద గుర్తు వేయించారు. తడిసిన పీచుకు నిప్పు పెట్టించి, పొగ లేచేలా చేశారు. గాలి ఎటు వీస్తోందో ఆ పొగను బట్టి పైన నడిపేవాడికి తెలుస్తుందట.

మధ్యాహ్నం అది మళ్ళీ వచ్చి, నేరుగా గ్రౌండులో దిగింది. నడిపినతను కుర్రవాడు. ఈ గుర్తు వేసిందెవరని హిందీలో అడిగాడు. లుంగీ, బనీనుతో, మోకాళ్ళ దాకా బురదతో ఉన్న పెదనాన్నను అందరూ చూపించారు. ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. ఆ కుర్రవాడు నిటారుగా నిలబడి సెల్యూట్ చేశాడు. పెదనాన్న కూడా చేశారు. ఆ తరవాత, సముద్రం వైపు తెగిపోయిన పల్లెలు ఎక్కడున్నాయో పైనుంచి చూపించమని ఆయన్ని ఎక్కించుకున్నాడు. పెద్దమ్మ గంజి గరిటె పట్టుకుని అలాగే చూస్తూ నిలబడింది. పెళ్ళయ్యాక ఆయన నేలను విడిచింది అదే మొదటిసారి.

ఆయన తిరిగివచ్చి దిగారు. బుల్లబ్బాయి గారు దగ్గరికి వెళ్ళారు.

"చూసేరాండీ?"

"చూసేనండి. తోటల్లేవండీ. అటు సముద్రం దాకా, ఇటు ఏటి దాకా. దువ్వెనతో దువ్వినట్టు అన్నీ ఒకవైపు పడుకుని ఉన్నాయి."

"మావి?"

"మీవీ లేవండి."

అప్పుడు పెదనాన్న ఏడ్చారు. నేను చూడటం అదొక్కసారే. యుద్ధంలో కూడా ఇంత నష్టం చూడలేదని అన్నారు. బుల్లబ్బాయి గారు ఆయన భుజం మీద చెయ్యివేసి అన్నారు. "ఆయ్, సరేనండి. ముందు ఆ బియ్యం మూటలు దింపిద్దాం రండి."

చెట్లు లేకపోతే కాయ లేదు, కాయ లేకపోతే డొక్క లేదు. ఫ్యాక్టరీ మూసేయమని అందరూ చెప్పారు. పెదనాన్న పనివాళ్ళ ముఖాలు చూసి మూయలేకపోయారు. షెడ్డు వెనకాల ఎన్నో ఏళ్ళుగా పారబోసిన పీచు పొట్టు కొండలా ఉండేది. ఎందుకూ పనికిరాదనుకున్నది. కడియం నర్సరీల వాళ్ళు మొక్కలకు మట్టిలో కలుపుతారని తెలిసి, లారీల్లో పంపడం మొదలుపెట్టారు. ఆ పొట్టులోనే కొబ్బరి మొలకలు పెంచి, తోటలు పోయినవాళ్ళకు ఇచ్చారు. ఆ మొలకలకు నీళ్ళు పోసినవాళ్ళు ఫ్యాక్టరీ ఆడవాళ్ళే. బుల్లబ్బాయి గారి తోటలో మళ్ళీ నాటింది కూడా ఆ మొలకలే. అవి కాపుకొచ్చేదాకా రెండిళ్ళూ పెద్దమ్మ జీతం మీదే నడిచాయంటే అతిశయోక్తి కాదు. ఆవిడ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తేవారు బుల్లబ్బాయి గారే, నలుగురూ ఉన్నచోట.

మూడేళ్ళ క్రితం బుల్లబ్బాయి గారు పోయారు. ఆయన కొడుకు సాయిబాబు పొద్దున్నే వచ్చి, బాబాయ్, మీరు కూడా ఒక చెయ్యి వెయ్యాలండి అన్నాడు. నడుము నొప్పితో నాలుగడుగులు వేయలేని మనిషి ఏటిగట్టు దాకా పాడె పట్టుకుని నడిచారు. ఆ రాత్రి నుంచి వారంపాటు మంచం దిగలేదు. ఇప్పుడు ఫ్యాక్టరీని సాయిబాబూ రేచలూ కలిసి చూసుకుంటున్నారు. వాళ్ళిద్దరూ మాత్రం ఒరేయ్, ఒసేయ్ అనే పిలుచుకుంటారు.

కిందటేడు పెద్దమ్మ కంటి ఆపరేషనుకు హైదరాబాదు వెళ్ళాల్సి వచ్చింది. రేచల్ రాజమండ్రి నుంచి విమానం టిక్కెట్లు తీసింది. నేనూ వెళ్ళాను. పైలట్ గారి భార్య విమానం ఎక్కడం అదే మొదలు. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని, కళ్ళు గట్టిగా మూసుకుని, పెదనాన్న చెయ్యి పట్టుకుంది. ఆయన ఒక్కో చప్పుడూ ఏమిటో చెవిలో చెబుతూ వచ్చారు. అదిగో చక్రాలు లోపలికెళ్ళేయి, ఇప్పుడు కొంచెం వొంగుతుంది, భయపడకు అని. కాసేపటికి ఆవిడ కళ్ళు తెరిచి కిందికి చూసింది.

"మన ఊరు ఎటండీ?"

ఆయన చూపించారు. నాకు మబ్బు తప్ప ఏమీ కనబడలేదు. ఆవిడకు కనబడిందో లేదో కానీ, తల ఊపింది.

తిరిగొచ్చాక ఆదివారం గుడిలో స్త్రీల కూడికలో ఆవిడ ఆ ప్రయాణాన్ని పూర్తిగా వర్ణించింది. విమానం ఎప్పుడు వొంగుతుందో, ఎందుకు వొంగుతుందో, చక్రాలు ఎక్కడికి పోతాయో వివరంగా చెప్పింది. ఎవరో ఏదో సందేహం అడిగితే దానికీ జవాబు చెప్పింది. బయట ఆటోలో పెదనాన్న ఎదురుచూస్తున్నారు. రమ్మని చెప్పనా అని నేను అడిగితే, వద్దమ్మా, చెప్పుకోనియ్యి అన్నారు.