పెంకుల మీద ఆక్టోపస్, పడవ మీద చేప

రాజమండ్రిలో స్కూలు పుస్తకాలకి బొమ్మలు గీస్తుంటాను. ఆ వేసవిలో నా నెత్తిన పడ్డ పని, వేల ఏళ్ళ కిందటి గ్రీసు దేశపు మైసీనియన్ల కుండపెంకులు. వాటి ఫొటోలు చూసి అచ్చం అలాగే గియ్యాలి. ఎడిటర్ గారు గంటకోసారి ఫోన్ చేసి నా ప్రాణం తోడేశారు.

పాత పెంకు మీద ఆక్టోపస్ గుడ్లు మిటకరించి, చేతులన్నీ మెలికలు తిప్పి బతికున్నట్టే ఉంది. తర్వాతి కాలం పెంకుల్లో చేతులు తగ్గాయి. ఇంకా తర్వాత ఒట్టి వంకర గీతలే మిగిలాయి. చూసి వేసే చెయ్యి పోయి అలవాటుగా వేసే చెయ్యి వచ్చిందని పక్కన రాసుంది. తరాల సంగతి, మనకెందుకులే అనుకున్నాను.

పని ముగించుకుని అంతర్వేది దగ్గర మా పల్లెకి వెళ్ళాను. చేపల వేట నిషేధం అయిపోవస్తోంది, ఒడ్డున పడవలన్నింటికీ రంగులు పడ్డాయి. మా పడవ ముక్కు మీద పండుగప్ప చేప బొమ్మని ఏటా నాన్నే వేస్తాడు. పక్క పల్లెల వాళ్ళు వచ్చి తమకీ వెయ్యమని బతిమాలితే మహా బెట్టు చేస్తాడు. ఏటా ఆ చేప పక్కన ఆయన్ని నిలబెట్టి ఫోన్లో ఫొటో తీస్తాను.

ఈసారి తీసి, పాత ఫొటోలు వెనక్కి జరిపి చూశాను. మొదట్లో పొలుసు పొలుసూ ఉంది. తర్వాతి ఏడాది పొలుసుల్లేవు. పోయినేడు వీపు మీద ముళ్ళు లేవు. ఈ ఏడాది రెక్కలే లేవు. కన్ను ఉంది గానీ అది నాన్న చెయ్యి కాదు. ఆయన ఒక్క తిప్పులో వేస్తాడు. ఇదెవరో భయంభయంగా చుక్కచుక్కగా పెట్టారు.

ఇంట్లోకెళ్ళి అమ్మని నిలదీశాను. కన్ను పెట్టకుండానే అయిపోయిందని ఆయన కుంచె కడిగేసుకున్నాడట. నలుగురూ చూస్తే నవ్వుతారని, ఆయన పడుకున్నాక తనే పెట్టిందట. ఇన్నాళ్ళూ ఎందుకు దాచావని అరిచాను. రేపట్నించి వేట. నాన్న తోడెవర్నీ రానివ్వడు, ఒక్కడే పోతాడు.

"ఇక్కడ ఆయన మర్చిపోయినవన్నీ నేను దిద్దుకొస్తున్నానే. సముద్రంలో ఎవరు దిద్దుతారు?" అంది అమ్మ. నువ్వే ఎలాగోలా ఆపమని నా చెయ్యి పట్టుకుంది.

బయటికొచ్చాను. నాన్న ఇంజన్లో డీజిల్ పోసుకుంటున్నాడు. నన్ను చూసి మురిసిపోయాడు.

"చూశావా బుజ్జీ, ఈ ఏడు కన్ను ఎంత బాగా వేశానో."