చిలకపచ్చ ప్యాడ్

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. పొరుగింటి పిల్లకు గాలి సోకిందని నిమ్మకాయలు తెస్తుంటే, ముందు గ్లూకోజు నీళ్లు తాగించండమ్మా అని అరిచిన మనిషిని నేను. మా ఇంట్లో ప్రార్థన ఉంటుంది గానీ తాయెత్తులుండవు. ఇంత చెప్పాక కూడా నవ్వేవాళ్లుంటే నవ్వుకోండి.

కోడుమూరులో నేనూ కరుణా కలిసి ఫొటో ప్రింట్లు, జిరాక్సుల షాపు పెట్టుకున్నాం. ఒకే వీధి, ఒకే చర్చి. నాకన్నా చిన్నది, నోరారా అక్కా అని పిలిచేది. కౌంటర్లో కూర్చుని అందరితో నవ్వుతూ మాట్లాడటం ఆమె వంతు, ప్రింటర్ చాకిరీ నా వంతు. ఊళ్లోవాళ్లకు అది కరుణ షాపే. నేనేమీ అనుకోలేదు. సొంత చెల్లెలనుకున్నాను మరి.

ఇంక్‌జెట్ ప్రింటర్‌తో ఒక తలనొప్పి ఉంది. మా ఎండలకు ఇంకు దాని మూతి దగ్గరే ఎండిపోతుంది. అప్పుడు క్లీనింగ్ చేయించాలి. అది కొంత ఇంకు కక్కి మూతి కడుక్కుంటుంది. ఆ ఇంకు కాగితం మీదికి రాదు, లోపల అడుగున ఉండే దూదిదిండులాంటి ప్యాడ్‌లో ఇంకిపోతుంది. ప్యాడ్ నిండితే ప్రింటర్ మొరాయిస్తుంది. అన్ని రంగులూ కలిసిపోతాయి కాబట్టి ఎప్పుడు తీసినా ఆ ప్యాడ్ బురదనలుపే. మార్చిన ప్రతిసారీ నా గోళ్లలో ఆ నలుపు రెండు రోజులుండేది.

ఆ రోజు పొద్దున కూడా పాతది తీసేసి తెల్లటి కొత్త ప్యాడ్ పెట్టాను. కరుణ ఇంకా రాలేదు. ముందు వారమే షాపు ముందర కృతజ్ఞతా ప్రార్థన పెట్టించుకున్నాం. అప్పుడు పాస్టరుగారితో దిగిన ఫొటో నా ఫోన్‌లో ఉంది. ఫ్రేము కట్టించి గోడకు తగిలిద్దామని దానికి ప్రింట్ ఇచ్చాను.

కాగితం మీద పాస్టరుగారున్నారు, కరుణ ఉంది, కరుణ భర్త ఉన్నాడు. నేను లేను.

నేను నిలబడింది ఏ మూలనో కాదు, కరుణ పక్కనే. చిలకపచ్చ చీర కట్టుకున్నాను. ప్రింట్‌లో ఆ చోట షట్టర్ గీతలు కనబడుతున్నాయి. నా వెనకున్న షట్టర్ కెమెరాకు ఎలా కనబడుతుంది? కంప్యూటర్లో చూస్తే నేను నిక్షేపంగా ఉన్నాను. ఇంకోసారి తీశాను, అదే వచ్చింది. వేరేవాళ్ల పాస్‌పోర్టు ఫొటోలు ప్రింట్ తీస్తే శుభ్రంగా వచ్చాయి. మళ్లీ మాది తీశాను, మళ్లీ షట్టరే. కరుణ ఏదైనా మార్చి పెట్టిందా అనుకుందామంటే, ఫొటో నా ఫోన్‌లోంచి నేనే ఎక్కించాను.

ఇంకు ఎటు పోతోందో చూద్దామని అడుగు విప్పాను. పొద్దున పెట్టిన ప్యాడ్ తడిసి ముద్దయి ఉంది. నల్లగా కాదు, చిలకపచ్చగా. ఆ ప్రింటర్‌లో ఆకుపచ్చ ఇంకు సీసానే లేదు.

సరిగ్గా అప్పుడే కరుణ వచ్చింది. ఆ ప్రింట్ ఆమె చేతికిచ్చాను. చూడగానే ఆమె ముఖం పాలిపోయింది.

“ఎవురు చెప్పినారక్కా నీకు?” అంది.

ఏం చెప్పడం అన్నాను. నిజంగానే నాకేమీ తెలియదు.

“నేనే చెబ్దామనుకుంటాండా. ఇంట్లో శానా గొడవ చేస్తాండారు. వచ్చే నెల నుంచి నీ బదులు మా తోడికోడలు ఈడ కూర్చుంటాది. ఏమీ అనుకోవద్దక్కా.”

నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో ఆ పూట తెలిసింది. నా పక్కన నిలబడి ఆ ప్రార్థనకు ఆమెన్ అన్నప్పుడు కూడా ఆమె మనసులో ఇదే ఉందన్నమాట. ఒళ్లు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. ఆ ప్యాడ్‌ను కవర్లో చుట్టుకుని బయటికి వచ్చేశాను.

కర్నూలులో తెలిసిన మెకానిక్‌కు చూపించాను. “అదెట్లయితాది మేడమ్? వేస్టు ఇంకు యాడైనా నలుపే గదా,” అని నవ్వాడు. కవరు విప్పాక నవ్వు ఆపి, ఎవరో రంగు పోసుంటారన్నాడు. అతని దగ్గరే అదే ఫొటో వేరే ప్రింటర్‌లో తీయించాను. అందులో నేనున్నాను, కరుణ భుజం మీద చెయ్యేసి నవ్వుతూ.

ఆ ప్రింటర్ అలా ఎందుకు చేసిందో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. ఎవరైనా చెబితే వింటాను. కానీ నన్ను తొలిచేస్తున్నది అది కాదు. అందరూ ఉండి నేనొక్కదాన్నే లేని ఫొటో చేతిలో పట్టుకుని, ఇందులో నువ్వు యాడుండావక్కా అని కరుణ అడగనే లేదు.