చిల్లుల పళ్ళెంలో కట్లీసులు

మా అత్తకు పాలమూరు కోడలు నచ్చలేదు. నూనె లేని వంట అంతకన్నా నచ్చలేదు. పాలమూరు కోడలిని నేనే. నూనె లేని వంట కూడా నా నోటి దూల వల్లనే ఆమె నెత్తిన పడింది. కాబట్టి ఇక్కడ అత్తను ఎంత వెక్కిరించినా అందులో సగం నాకే చెందుతుందని ముందే ఒప్పుకుంటున్నాను.

నైజాం పాలన చివరి రోజులవి. బయట ఎక్కడో యుద్ధం జరుగుతోంది. మా ఆయన లారీ తోలడానికి ఆ యుద్ధానికి పోయాడు. నల్లగొండ మిషను దవాఖాన ఆవరణలో, డాక్టరమ్మ బంగ్లా వెనుక, వంటింటిని ఆనుకుని ఉన్న గదిలో అత్తా నేనూ మిగిలాం. నేను దవాఖానలో ఆయాను, అత్త బంగ్లాలో వంటమనిషి. డాక్టరమ్మ తెల్లావిడ. ఆమెకు తెలుగు నేర్పిన మున్షీ పుస్తకాల తెలుగంతా నేర్పి, బతికున్న మనుషుల తెలుగు మాత్రం మరిచిపోయాడు. "నీ కడుపునందు నొప్పి ఎప్పటినుండి కలుగుచున్నది?" అని ఆమె అడిగితే, పానగల్ నుంచి నడిచొచ్చిన రైతు నొప్పి సంగతి వదిలేసి బిక్కమొహంతో నా వైపు చూసేవాడు.

అత్త చేసే కట్లీసులకు జిల్లాలో పేరుండేది. ఖీమా, ఉడికిన ఆలుగడ్డ, అల్లం, వెల్లుల్లి, పచ్చిమిరప కలిపి ముద్ద చేసి, అరచేతిలో తట్టి, గుడ్డు సొనలో ముంచి, డబల్ రొట్టె అనే బ్రెడ్డు పొడిలో దొర్లించి, మూకుడు నిండా కాగే పల్లినూనెలో వేసేది. ఆ చప్పుడు వింటే రోగులు మంచాల మీద లేచి కూర్చునేవాళ్లు. జిల్లాకు పెద్ద అధికారి తాలూక్‌దారు సాబుకు ఆ కట్లీసులంటే ప్రాణం. కానీ ఆయన కడుపు చెడిపోయింది. డాక్టరమ్మ ఆయన చేత నూనె మానిపించింది, వేపుళ్లు మానిపించింది. మూడు నెలలు ఓర్చుకుని, ఇక కట్లీసు లేని బతుకు ఎందుకని ఆయన ఆమె ముందే వాపోయాడు. కొత్త వార్డుకు కావలసిన జాగా ఆయన సంతకంతోనే రావాలి. డాక్టరమ్మ ఆయనను గురువారం పగటి భోజనానికి పిలిచింది. వెంటనే వార్డులోకొచ్చి నన్ను అడిగింది:

"వంటయింటియందలి ఓవెను క్షేమముగా నున్నదా?"

"మంచిగనే ఉందమ్మా. అండ్ల కోడి పొదుగుతాంది," అన్నాను.

అదే నా నోటి దూల. ఓవెన్ అంటే పొయ్యి మీద నిలబెట్టే ఇనుప పెట్టె. ముందు ఒక తలుపు ఉంటుంది. కింద కట్టెలు మండితే లోపల పెట్టిన వస్తువు కాలుతుంది. డాక్టరమ్మ కంటే ముందున్నవాళ్లెవరో తెప్పించారు. అత్త దాన్ని ఒక్కరోజు కూడా వెలిగించలేదు. తలుపు తీసి, గడ్డి పరిచి, కోడికిచ్చేసింది. ఆ పెట్టె తుప్పుపట్టి పాడైపోయిందని ఒక్క అబద్ధం ఆడి ఉంటే సరిపోయేది.

"నూనెల ఏగకపోతే అది కట్లీసెట్లైతది?" అని అత్త నా మీద విరుచుకుపడింది. "కోడిని లేపి, గా జాగల ఖీమాను పొదగబెట్టమంటాందా మీ డాక్టరమ్మ?"

డాక్టరమ్మ మీద కోపం వస్తే ఆమె ఎప్పుడూ "మీ డాక్టరమ్మ" అయ్యేది. కోపం లేనప్పుడు "మా అమ్మ". "మా అమ్మ" అనడానికి కారణం ఉంది. అత్తది మోత్కూరు దిక్కు ఒక పల్లె. అక్కడి దొర ఉండే గడిలో, ఆ కోటలాంటి ఇంట్లో, ఆమె వెట్టి చేసేది. వడ్లు దంచాలి, వాకిలి అలకాలి, పిలిచినప్పుడు పోవాలి. కూలి ఉండదు. దొర తిన్న విస్తరిలో ఏదన్నా మిగిలితే అదే కూలి. మా మామ చనిపోయాక, జ్వరంతో కాలిపోతున్న కొడుకును చంకనేసుకుని ఆమె ఈ దవాఖానకు వచ్చింది. కొడుకు బతికాడు. ఆమె తిరిగి పోలేదు. దొర మనుషులు రెండుసార్లు వచ్చారు. రెండుసార్లూ డాక్టరమ్మ గేటుకు అడ్డంగా నిలబడి, "ఈమె నా వంటలక్క. ఈమె ఎచ్చటికిని రాదు," అన్నది. అప్పటికి అత్తకు జొన్న రొట్టె, జొన్న రవ్వ ఉడికించిన గట్క తప్ప మరేమీ చేయరాదు. ఆ తర్వాతే నేర్చుకుంది. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె పద్దెనిమిదేళ్లు నిలబడింది.

సోమవారం నాడు పరీక్షగా వండి చూడమన్నది డాక్టరమ్మ. పదకొండు గుడ్లతో సహా కోడిని గంపలోకి మార్చాం. అది అత్త కన్నా ఎక్కువ గొడవ చేసింది. పెట్టె కడిగాం. "లోపలి వేడిమి వెలుపలికి పోనీయరాదు," అని డాక్టరమ్మ ఒకటే మాట చెప్పి దవాఖానకు పోయింది.

వేడి బయటికి పోకూడదంటే మా జిల్లాలో ఎవరైనా ఏం చేస్తారు? దమ్ము పెడతారు. గోధుమపిండి తడిపి, తాడులా పేని, డేగిసా మూత చుట్టూ అంటించి ఊపిరాడకుండా మూసేస్తారు. అత్త కూడా అదే చేసింది. పెట్టె తలుపు చుట్టూ పిండి తాడు అంటించింది. సందుల్లో నేను బొటనవేలితో నొక్కాను. చీమ దూరే సందు కూడా వదలలేదు. గంట తర్వాత కత్తితో పిండి పగలగొట్టి తలుపు తీస్తే ఆవిరి మా ఇద్దరి మొహాల మీదికి గుప్పున వచ్చింది. లోపల కట్లీసులు ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుని, మీది పొడంతా తడిసి జారిపోయి ఉన్నాయి.

"గిది కట్లీసా, గట్కా?" అన్నది అత్త, తనే చేసిన సంగతి మరిచిపోయి.

డాక్టరమ్మ బల్ల ముందు కూర్చుని చాలాసేపు దాన్ని చూసింది. "దీనిని చెంచాతో భుజించవలెనా?" అని అడిగింది. నిజంగానే చెంచాతో రెండుసార్లు తిన్నది, పాపం. తర్వాత సొరుగులోంచి ఒక ఉత్తరం తీసింది. సికింద్రాబాదులో తెల్లదొరల బంగ్లాల్లో పనిచేసిన ఖాన్సామా ఒకడు కొలువు కోసం రాసుకున్నాడట. ఓవెన్ వంటలన్నీ వచ్చునట. గురువారం భోజనం చూశాక అతనికి జవాబు రాస్తానన్నది. అతనొస్తే వంటింటి పక్క గది అతనిదే అవుతుంది. ఆ మాట ఆమె అనలేదు గానీ మాకు తెలుసు.

ఆ సాయంత్రం అత్త నన్ను తిట్టలేదు. పెళ్లయి వచ్చాక ఆమె తిట్టని సాయంత్రం అదొక్కటే. "ఎల్లగొడ్తదని నాకు ఫికర్ లేదు పిల్లా," అన్నది చివరికి. "కూలికి పోయి బతకొచ్చు. గని, ఖాన్సామా వచ్చినంక నేనెవర్ని? గేటు కాడికి దొర మనుషులు మళ్లొస్తే, అమ్మ నన్ను ఏమని చెప్తది?"

అప్పటిదాకా ఆమె మీద ఎంత కోపమున్నా, ఆ మాటతో నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే మళ్లీ తిడుతుందని గిన్నెలు తోముతూ కూర్చున్నాను.

మంగళవారం ఆమె మాకోసం రొట్టెలు చేస్తోంది. జొన్న రొట్టెను పెనం మీంచి తీసి, పొయ్యి పక్కన నిప్పుల సెగకు నిలబెట్టడం ఆమె అలవాటు. అలా నిలబెడితే అది కరకరలాడేలా ఎండుతుంది, పది రోజులైనా చెడదు. చూస్తూ చూస్తూ నేను అడిగాను: "అత్తా, గా రొట్టె మీద మూతెందుకు పెట్టవు?"

"మూత పెడ్తే మెత్తవడదా? పాలమూరు తెలివి!" అన్నది.

నేను నోరు మూసుకున్నాను. పెట్టె వైపు మాత్రం చూస్తూ కూర్చున్నాను. ఆమె మరో రొట్టె తట్టింది. దాన్ని నిలబెట్టింది. తర్వాత, తనకే తట్టినట్టు, "పెట్టె తలుపు జర తెరిచి పెడ్తే ఆవిరి పోతది గదా," అన్నది. ఇప్పటికీ ఆ ఆలోచన ఆమెదే. అత్తలతో వాదించి గెలిచినవాళ్లను నేను చూడలేదు.

"రొట్టెకు రెండు దిక్కుల గాలి తగుల్తది. కట్లీసు కింద గాలెట్ల?" అన్నది మళ్లీ.

దానికి నా దగ్గర ఉపాయముంది. ఆపరేషన్ గదిలో కత్తులు, కత్తెరలు ఉడకబెట్టే చిల్లుల పళ్ళెం ఒకటి ఉండేది. ఆపరేషన్లు శుక్రవారం గానీ ఉండవు. మంగళవారం సాయంత్రమే దాన్ని కొంగు కింద పెట్టుకుని తెచ్చాను. నల్లగొండ జిల్లాలో అంత శుభ్రమైన పళ్ళెం మరొకటి లేదు. ఆ రోజుల్లో దొంగతనం అంటే నాకు భయమే గానీ, ఖాన్సామా అంటే ఇంకా ఎక్కువ భయం.

డబల్ రొట్టె వారానికోసారి హైదరాబాదు నుంచి బస్సులో వచ్చేది. ఉన్నదంతా సోమవారం గట్కలో కలిసిపోయింది. అత్త తన ఎండు జొన్న రొట్టెలు రోట్లో వేసి బరకగా దంచింది. ఒక్క చెంచా నెయ్యితో పెనం మీద ఎర్రబడేదాకా వేయించింది. బుధవారం రెండు కట్లీసులకు ఆ పొడి అద్ది, చిల్లుల పళ్ళెం మీద పెట్టి, పెట్టె బాగా వేడెక్కాక లోపలికి తోసి, తలుపుకు పుల్ల అడ్డం పెట్టి సందు వదిలాం. ఒకసారి తిరగేశాం. ఒకటి ఆమె తిన్నది, ఒకటి నేను తిన్నాను. నమిలితే చప్పుడు బయటికి వినబడింది. "నూనెల ఏగింది వేరే ఉంటది," అన్నది అత్త, ఇంకొకటి ఉందేమోనని పెట్టెలోకి తొంగి చూస్తూ.

గురువారం పొద్దున దవాఖాన జవాను వచ్చి, తాలూక్‌దారు సాబు వెంట ఇంకో పెద్దమనిషి కూడా వస్తున్నాడని చెప్పాడు. ఎవరని అడిగాను. మోత్కూరు దిక్కు దొర అన్నాడు, ఊరి పేరు కూడా చెప్పాడు. అత్త చేతిలో ఉన్న ముద్ద మళ్లీ ఖీమా గిన్నెలో పడింది.

"నువ్వే పెట్టు. నేను బయటికి రాను," అన్నది. చేతులు మాత్రం ఆగలేదు. ఇరవై కట్లీసులు తట్టింది.

ఆ దొరను నేను అప్పుడే మొదటిసారి చూశాను. మీసాలు పెద్దవి. మామూలు రోజుల్లో మా బోటివాళ్ల నీడ సోకితే స్నానం చేసే రకం. కానీ తాలూక్‌దారు పక్కన కూర్చున్నప్పుడు ఆయనకు మడి, మైల గుర్తుండవు. వండినదెవరో అడగలేదు. మూడు తిన్నాడు. నేను లెక్క తప్పలేదు.

తాలూక్‌దారు సాబు నాలుగో కట్లీసును తిరగేసి చూశాడు. కింద వరుసగా చుక్కలు పడి ఉన్నాయి. "క్యా బాత్ హై, డాక్టర్ సాబ్! కింద గూడ పూలేసిండ్రు!" అన్నాడు.

డాక్టరమ్మ కళ్లజోడు పెట్టుకుని తన కట్లీసు తిరగేసింది. చుక్కలను చూసింది. నమలడం ఆపింది. నన్ను చూసింది. నేను పైకప్పును చూశాను. ఆమె నోట్లోది మింగి, "అది మా ఆసుపత్రి యొక్క ప్రత్యేక పద్ధతి," అన్నది.

సాబు వండిన మనిషిని పిలవమన్నాడు. ఇక తప్పక అత్త చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"మీద గీ కరకర ఏంది?" అని అడిగాడు సాబు.

"జొన్న రొట్టె, సర్కార్. మా ఇంట్ల ఎండిన రొట్టె."

కూలివాళ్ల రొట్టె సర్కారు పళ్ళెంలోకి వచ్చిందన్నమాట. సాబు పకపకా నవ్వి, మరొకటి తీసుకున్నాడు. దొర మాత్రం నవ్వలేదు. అత్త మొహంలోకి చూస్తున్నాడు.

"నువ్వు మా ఊరి దానివి గదా?" అన్నాడు. "మా గడి నుంచి ఉరికొచ్చినదానివి గదా?"

డాక్టరమ్మ ఫోర్కు కింద పెట్టింది. "ఈమె నా వంటలక్క," అన్నది. పద్దెనిమిదేళ్ల కింద గేటు దగ్గర అన్న మాటే, అదే గొంతుతో.

అప్పుడు అత్త చేసిన పని నేను ఊహించలేదు. వచ్చి నా చేతిలోని పళ్ళెం తీసుకుంది. బల్ల చుట్టూ తిరిగి దొర పక్కకు పోయింది.

"ఇంకొకటెయ్యనా దొరా?" అన్నది.

"వెయ్యి, వెయ్యి! దొర మొహమాటపడ్తాండు," అన్నాడు సాబు నోటి నిండా కట్లీసుతో.

జిల్లా పెద్ద వెయ్యమన్నాక దొర వద్దనలేడు. అత్త వేసింది. ఆయన తిన్నాడు. ఆయన తినడం అయ్యేదాకా అత్త అక్కడే నిలబడింది.

వాళ్లు పోయాక డాక్టరమ్మ వంటింట్లోకి వచ్చింది. నేరుగా చిల్లుల పళ్ళెం ఎత్తి వెలుతురుకు పట్టి చూసింది. "రేపు ఉదయము నాకు ఇది కావలెను. కొవ్వు లేకుండ తోమి, రెండు మారులు ఉడకబెట్టుము," అన్నది నాతో. పోతూ పోతూ అత్త వైపు తిరిగి, "ఆ ఖాన్సామాకు రావలదని వ్రాయుచున్నాను," అన్నది. అత్త తల ఊపింది. కొంగుతో మొహం తుడుచుకుంది, పొగ కళ్లలో పడిందన్నది. అప్పటికి పొయ్యి ఆరిపోయి చాలాసేపయింది.

ఎంగిలి పళ్ళేలు తోమడం నా పని. అత్త అందులోంచి దొర తిన్న పళ్ళెం ఏరి, కిటికీ దగ్గరికి తీసుకుపోయి, అటూ ఇటూ వంచి చూసింది. జొన్న రొట్టె పొడి కూడా లేదు.

"చూసినవా పిల్లా," అన్నది. "నాకేం మిగల్చలే."

ఆ మాట అని నవ్వడం మొదలుపెట్టింది. ఆమె అంత నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. నవ్వుతూనే ఆ పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టి, "నువ్వే కడుగు. నేనెందుకు కడుగుత?" అని కోడిని చూడటానికి పోయింది.